ఉండవల్లి గుహలు: ముందు బౌద్ధ విహారమా, మొదటి నుంచీ గుడేనా? ఎవరు తొలిచారు, ఎలా తొలిచారు?

#1 కృష్ణలంక_కిరణ్

అందరికీ నమస్కారం. హైదరాబాద్ నుంచి మా పిన్ని పిల్లలు వస్తే ఆదివారం ఉండవల్లి తీసుకెళ్ళాను. పుట్టిపెరిగింది బెజవాడలోనే అయినా బ్యారేజీ దాటి అటువైపు వెళ్ళినప్పుడల్లా బయటి నుంచి చూసి వచ్చేయడమే తప్ప లోపల తీరిగ్గా చూసింది లేదు. ఈసారి పిల్లలు ప్రశ్నలతో చంపేశారు.

అక్కడ ఒకాయన "ఇది అసలు బౌద్ధుల విహారం, తర్వాత విష్ణువు గుడి చేశారు" అన్నాడు. పక్కనున్న పెద్దాయన "కాదు, జైనులది" అన్నారు. టూరిజం పేజీల్లో 4-5 శతాబ్దాలు అని ఉంటుంది, ఇంకోచోట 7వ శతాబ్దం అని చదివాను. వాట్సాప్‌లో అయితే పల్లవులు, చాళుక్యులు, రెడ్డి రాజులు అందరూ కట్టేశారు.

నా సందేహాలు ఇవీ. ఎవరు తొలిపించారు? బౌద్ధం మాటలో నిజమెంత? అన్నిటికంటే ముఖ్యం, నాలుగంతస్తుల్లో పని సగంలో ఆగిపోయినట్టు ఎందుకు ఉంది? మా చెల్లి కూతురు "మామయ్యా, కింద ఫ్లోర్ కట్టకుండా పైన ఎలా కట్టారు?" అని అడిగింది. నా దగ్గర సమాధానం లేదు.

#2 పాతరాళ్ళ_పంతులు

కిరణ్ గారూ, పాప అడిగిన ప్రశ్నే అసలైన ప్రశ్న. దాని దగ్గరికి తర్వాత వద్దాం. ముందు అక్కడ ఏముందో ఒకసారి చెప్పుకుంటే మిగతావాళ్ళకీ బాగుంటుంది.

కొండ ముఖాన్ని మెట్లు మెట్లుగా తొలిచారు. అంటే పై అంతస్తు కింది అంతస్తుకు సరిగ్గా నెత్తిమీద లేదు, కొంచెం వెనక్కి జరిగి ఉంది. అందుకే ప్రతి అంతస్తు ముందూ ఒక అరుగులాంటి జాగా మిగిలింది. దూరం నుంచి చూస్తే భవనంలా అనిపించేది ఈ ఏర్పాటు వల్లే.

నేల అంతస్తు వరసల్లో స్తంభాలున్న హాలు. స్తంభాలు బయటపడ్డాయి కానీ నగిషీ లేదు, చాలాచోట్ల నునుపు కూడా చేయలేదు. దాని పైది త్రిమూర్తుల కోసం ఉద్దేశించిన గర్భగుళ్ళున్న అంతస్తు. స్తంభాల మీద, గోడల మీద శిల్పాలు కనబడేది ఇక్కడి నుంచే. మూడోది అందరూ వెళ్ళేది, అనంతశయనుడు ఉన్నది. సుమారు 5 మీటర్ల పొడవున కొండరాతిలోనే పడుకోబెట్టారు స్వామిని. ఆ అంతస్తు ముందు అరుగు మీద కూర్చున్న పెద్ద విగ్రహాలు, సింహాలు ఉంటాయి. ఆ కూర్చున్నవాళ్ళను కొందరు ఋషులంటారు, కొందరు వైష్ణవ ఆచార్యులంటారు. నాలుగోది చిన్నది, పూర్తికానిది.

తొలిపించిన రాజు ఫలానా అని తేల్చి చెప్పే శాసనం లేకపోవడం వల్లే ఇన్ని కథలు. ఎక్కువమంది విష్ణుకుండినులనే పాత రాజవంశం పేరు చెబుతారు. కృష్ణా తీరం ఆ కాలంలో వాళ్ళ చేతుల్లో ఉండేది, గుహలన్నీ ఇటువైపే గుంపుగా ఉన్నాయి, శైలి కూడా ఆ రోజులకు సరిపోతుంది. అంతే ఆధారం. అది బలమైన ఊహే, కానీ ఊహే.

#3 అమరావతి_అనిల్

పంతులు గారు విష్ణుకుండినుల దగ్గర మొదలుపెట్టి బౌద్ధాన్ని మెల్లగా పక్కకు నెట్టేశారు 🙂

నేను పక్కా అమరావతి వాడిని కాబట్టి అడుగుతున్నాను. ఇటు ధరణికోట, అమరావతి స్తూపం. అటు జగ్గయ్యపేట, ఘంటసాల, భట్టిప్రోలు. కృష్ణ పొడుగునా బౌద్ధమే కదా. మధ్యలో ఈ ఒక్క కొండ మాత్రం మొదటి నుంచీ వైష్ణవమా? అంతస్తులు అంతస్తులుగా, వరసగా గదులు తొలవడం విహారాల పద్ధతి. కింద రెండు అంతస్తులు చూస్తే భిక్షువుల వసతిలాగే ఉంటుంది. తర్వాత వచ్చినవాళ్ళు పైన విష్ణువును చెక్కుకున్నారు. ఇందులో అంత వింతేముంది?

#4 పాతరాళ్ళ_పంతులు

అనిల్ గారూ, వింతేమీ లేదు, అలా జరగడం అసంభవమూ కాదు. చేజర్ల కపోతేశ్వరాలయం ఉంది కదా మన పల్నాడులో. వెనకవైపు గుండ్రంగా తిరిగిన ఏనుగు వీపు ఆకారం, అది బౌద్ధ చైత్యం (ప్రార్థనా మందిరం) రూపమని చూడగానే తెలుస్తుంది, ఇప్పుడు శివాలయం. అక్కడ కట్టడమే సాక్ష్యం చెబుతోంది.

ఉండవల్లిలో అలాంటి సాక్ష్యం ఏది? స్తూపం లేదు. చైత్యగృహం లేదు. విహారమంటే మధ్యలో హాలు, చుట్టూ మూడు వైపులా భిక్షువులు పడుకోవడానికి చిన్న చిన్న గదులు, లోపల రాతి అరుగులు. ఉండవల్లిలో గదులు వెనక గోడలో గర్భగుళ్ళలా ఉన్నాయి, మూడు వైపులా తిరగలేదు. "అంతస్తులున్నాయి కాబట్టి విహారం" అనే మాట నిలవదు. ఎల్లోరాలో మూడంతస్తుల బౌద్ధ గుహలు 11, 12 ఉన్నాయి నిజమే, కానీ వాటిని మన ఉండవల్లికి తాతలుగా చూపించలేం. అవి అంత పాతవి కావు.

నిజమైన బౌద్ధ గుహ ఎలా ఉంటుందో చూడాలంటే మనకు గుంటుపల్లి ఉంది. గుండ్రటి గుహలో మధ్యన స్తూపం, పైకప్పు మీద కర్ర వాసాల్లా రాతిలో చెక్కిన దూలాలు. అసలు కర్ర అవసరమే లేని చోట కర్రపని బొమ్మను రాతిలో దించారు, ఎందుకంటే వాళ్ళకు తెలిసిన గుడిసె రూపం అదే. అది క్రీస్తు పూర్వపు పని. దాన్ని చూసి వచ్చి ఉండవల్లి చూడండి, తేడా మీకే తెలుస్తుంది.

#5 బెజవాడ_బాబాయ్

చర్చ బావుంది గానీ సొరంగం సంగతి ఎవరూ ఎత్తట్లేదేంటి? మా చిన్నప్పుడు ఉండవల్లి నుంచి మంగళగిరికి సొరంగం ఉందనేవాళ్ళు, కొందరు కొండపల్లి దాకా అనేవాళ్ళు. కృష్ణ కింద నుంచి వెళ్ళాలి కదరా అంటే "రాజులు తలుచుకుంటే" అనేవాళ్ళు 😂

ఇంకోటి. ఇంద్రకీలాద్రి కింద అక్కన్న మాదన్న గుహలున్నాయి చూడండి. ఆ పేరు వినగానే గోల్కొండ తానీషా మంత్రులు తవ్వించారనుకుంటారు. వాళ్ళు 17వ శతాబ్దం వాళ్ళు, గుహలు అంతకు వెయ్యేళ్ళ ముందువి. ఆ అన్నదమ్ములు అక్కడ బస చేశారని పేరు అంటుకుందంటారు. మన ఊళ్ళో గుహకి పేరు రావాలంటే తవ్వాల్సిన పనిలేదు, ఒక రాత్రి పడుకుంటే చాలు.

#6 ఆళ్ళగడ్డ_ఉలి

కిరణ్ గారి మేనకోడలు అడిగిన దానికి నేను చెబుతాను. మా ఇంట్లో మూడు తరాలుగా విగ్రహాల పని. నేను గుహ తొలవలేదు కానీ రాతిని తొలవడం అంటే ఏంటో చేతికి తెలుసు.

కట్టేవాడు కింద నుంచి పైకి వెళ్తాడు. తొలిచేవాడికి ఆ లెక్క తిరగబడుతుంది. పైన కప్పు ముందు తేల్చుకుని, కింద రాతి మీద నిలబడి పని చేస్తూ దిగుతాడు. కింద మిగిలిన రాయే వాడికి సారువ (పరంజా). కప్పు చెక్కడానికి పైకి ఎక్కాల్సిన పని లేదు, కప్పు దగ్గర మొదలైతే చాలు. కింద నుంచి మొదలుపెడితే ముక్కలు నెత్తిన పడతాయి, సారువ కట్టుకోవాలి, అయిపోయిన నేల దెబ్బతింటుంది. ఒక గుహలోనైనా, ఒక అంతస్తులోనైనా ఇదే న్యాయం. ఎల్లోరా కైలాసం పైనుంచి దిగుతూ చెక్కారని అందరూ ఆశ్చర్యపోతారు గానీ, రాతి పనివాడికి అది తప్ప వేరే దారి అనిపించదు.

ఇక గుహ ఎలా తవ్వుతారంటే, రాతి ముఖాన్ని చదును చేసి, కావి రంగుతో గళ్ళు గీస్తారు. ఆ గీతల వెంట శానంతో లోతుగా గాడులు దించుతారు. గాడుల మధ్య చదరపు దిమ్మలు నిలబడతాయి. వాటిని పక్క నుంచి కొట్టి ఊడగొడతారు. మళ్ళీ కొత్త ముఖం, మళ్ళీ గళ్ళు. స్తంభం రావాల్సిన చోట మాత్రం రాయి వదిలేస్తారు. మహాబలిపురంలో సగంలో ఆగిన గుహల్లో ఈ గళ్ళు ఇప్పటికీ స్పష్టంగా కనిపిస్తాయి. మా నాన్న నన్ను అక్కడికి తీసుకెళ్ళింది పూర్తయిన రథాలు చూపించడానికి కాదు, ఆ ఆగిపోయిన గుహ చూపించడానికి.

ఉండవల్లి నేల అంతస్తులో ఒక స్తంభం దగ్గరగా చూడండి. సాయంత్రం ఎండ పక్క నుంచి పడే వేళైతే ఇంకా మంచిది. ఉలి దెబ్బలు ఏటవాలుగా, ఒకే వైపు వాలి, వరసగా ఉంటాయి. అది ముతక పని. దాని తర్వాత సన్న శానం, ఆ తర్వాత నూరడం ఉండాలి. అవి రాలేదు. అంటే మనిషి అక్కడ పని ఆపేశాడు.

#7 కృష్ణలంక_కిరణ్

ఆళ్ళగడ్డ అన్నా, అద్భుతం. అయితే కింది అంతస్తు పూర్తికాకపోవడానికి కారణం అదేనా? పైన మొదలెట్టి కిందికి వస్తూ వస్తూ ఆగిపోయారా?

#8 ఆళ్ళగడ్డ_ఉలి

అలా చెప్పాలనిపిస్తుంది, కానీ అంత సులువుగా లేదు. నాలుగోది, అంటే అందరికంటే పైది కూడా పూర్తికాలేదు కదా. పై నుంచి కిందికే వచ్చి ఉంటే పైది ముందు పూర్తి కావాలి.

నా అంచనా చెబుతాను, పంతులు గారు కాదంటే కాదనండి. నడిమి అంతస్తులే అసలు గుడి. వాటిని ముందు పట్టుకున్నారు. కొండకి మెట్లలా వాలు ఉంది కాబట్టి ఒక్కో అంతస్తుకూ బయటి నుంచే దారి ఉంటుంది, వేర్వేరు బృందాలు ఒకేసారి చేయవచ్చు. నడిమివి నడుస్తుండగా కిందా పైనా మొదలుపెట్టారు, డబ్బో రాజో పోయాక ఆగిపోయాయి. స్తంభాల కొలతలు, చెక్కుడు తీరు అంతస్తుకీ అంతస్తుకీ ఒకేలా లేకపోవడం కూడా ఇందుకే అనిపిస్తుంది.

#9 చెన్నై_సుధ

నేను ఇరవై ఏళ్ళుగా చెన్నైలో ఉంటున్న గుంటూరు అమ్మాయిని. ఈ దారం చూస్తూ ఆగలేకపోయాను, ఎందుకంటే ఉండవల్లి కథ సగం ఇక్కడ ఉంది.

విలుప్పురం దగ్గర మండగపట్టు అని ఒక చిన్న ఊరు. అక్కడ పల్లవ మహేంద్రవర్మ మొదటివాడు (7వ శతాబ్దం మొదట్లో) తొలిపించిన గుహ ఉంది. చిన్నదే, రెండు ద్వారపాలకులు, నాలుగు స్తంభాలు, లోపల మూడు గర్భగుళ్ళు. కానీ దాని శాసనం చదివితే ఒళ్ళు జలదరిస్తుంది. ఇటుక లేకుండా, కలప లేకుండా, లోహం లేకుండా, సున్నం లేకుండా బ్రహ్మ, ఈశ్వర, విష్ణువులకు ఈ గుడి చేయించాను అని విచిత్రచిత్తుడు చెప్పుకున్నాడు. విచిత్రచిత్తుడు అంటే ఆయనే, అది ఆయన బిరుదు. తమిళ నేలమీద రాతిగుడి అప్పటికి కొత్త, అందుకే అంత గర్వం.

మరి ఆ ఆలోచన ఆయనకు ఎక్కడి నుంచి వచ్చింది? పాండిచ్చేరిలో పనిచేసిన ఫ్రెంచి పండితుడు జూవో దుబ్రేయ్ ఒక వాదం పెట్టాడు. మహేంద్రవర్మ కృష్ణా తీరంలో గుహాలయాలు చూసి, ఆ పద్ధతి దక్షిణానికి తెచ్చాడని. ఆ గుహలంటే ఉండవల్లి, మొగల్రాజపురం, బెజవాడ కొండలవే. మండగపట్టులోనూ త్రిమూర్తులు, ఉండవల్లిలోనూ త్రిమూర్తులు. చతురస్రం, మధ్యలో ఎనిమిది పలకలు, మళ్ళీ చతురస్రంగా ఉండే బరువైన స్తంభాల తీరు కూడా ఇక్కడా అక్కడా బంధువుల్లా ఉంటుంది.

నాకు మాత్రం ఈ వాదమంటే చాలా ఇష్టం. మహాబలిపురానికి వేరు మన కృష్ణ ఒడ్డున ఉందంటే ఎవరికి ఇష్టం ఉండదు చెప్పండి.

#10 పాతరాళ్ళ_పంతులు

సుధ గారూ, మీరు రాసినది చాలా బాగుంది. అయితే ఇష్టం వేరు, తేదీ వేరు. ఆ వాదాన్ని తర్వాతి పండితులు కొందరు తలకిందులు చేశారు. ఉండవల్లి 7వ శతాబ్దంలోకి వస్తే మహేంద్రవర్మ దాన్ని చూసి నేర్చుకున్నాడనడం కష్టం, ఇద్దరూ ఒకే కాలంలో ఒకే గాలి పీల్చారనాల్సి వస్తుంది.

శాసనం లేని గుహకు తేదీ ఎలా వేస్తారు అని చాలామందికి అనుమానం. తేదీ ఉన్న గుహను పక్కన పెట్టి పోలుస్తారు. మధ్యప్రదేశ్ ఉదయగిరిలో గుప్తుల కాలపు శాసనం ఉంది, మన లెక్కలో 401-402. బాదామి మూడో గుహలో చాళుక్య మంగళేశుడి శాసనం ఉంది, శక సంవత్సరం 500, అంటే 578. మండగపట్టు 7వ శతాబ్దపు మొదటి పాదం. ఈ మూడూ మేకులు. మిగతా గుహలను వీటి మధ్య తాడు కట్టి వేలాడదీస్తారు. స్తంభం కోణాలు, కిరీటం ఎత్తు, యజ్ఞోపవీతం ఎటు పడింది, కపోతం (గుహ ముఖం పైన వంపు చూరు) మీద కూడులు (గుర్రపు డెక్కలాంటి చిన్న వంపు గూళ్ళు) ఎలా ఉన్నాయి, ఇలాంటి చిన్నవే లెక్కలోకి వస్తాయి.

రాజకీయం కూడా చూడాలి. విష్ణుకుండినులు ఇక్కడ 7వ శతాబ్దం మొదటి భాగం దాకానే. తర్వాత రెండో పులకేశి దండెత్తి వేంగిని తీసుకుని తమ్ముడు కుబ్జ విష్ణువర్ధనుడికి అప్పగించాడు. అక్కడి నుంచి తూర్పు చాళుక్యులు. పని మధ్యలో ఆగిపోవడానికి ఈ మార్పిడి కారణం కావచ్చని అనిపిస్తుంది. ఇది నా ఊహ.

టూరిజం పేజీల్లో చెప్పే 4వ శతాబ్దం తేదీ మాత్రం నాకు మింగుడుపడదు. అనంతశయనుడి ఆకృతి చూసినా, స్తంభాలు చూసినా అంత వెనక్కి వెళ్ళవు. నన్నడిగితే 6వ శతాబ్దం చివర నుంచి 7వ శతాబ్దం మధ్య.

#11 నల్లగొండ_నర్సి

అందరూ విష్ణుకుండినులు విష్ణుకుండినులు అంటున్నరు, వాళ్ళ ఇంటి అడ్రస్ మాత్రం ఎవరూ చెప్తలేరు. మా దిక్కు తుమ్మలగూడెంల ఇంద్రపాలనగరం ఉంది. అక్కడ దొరికిన రాగి రేకుల్లో ఒకటి విక్రమేంద్రవర్మది, శక 488, అంటే 566. ఇంకొక శాసనంల గోవిందవర్మ రాణి పరమభట్టారికా మహాదేవి పేర బౌద్ధ విహారానికి ఇచ్చిన దానం ఉంది.

ఇది ఎందుకు చెప్తున్ననంటే, అనిల్ అన్న వాదానికి ఇది కొంచెం బలమే. ఆ రాజులు ఒక దిక్కు వాళ్ళ కులదైవం శ్రీపర్వతస్వామి పాదాలు తలుచుకునేటోళ్ళు, ఇంకో దిక్కు బౌద్ధులకు దానాలు చేసేటోళ్ళు. అప్పట్ల ఒకే రాజు కింద ఇద్దరూ బతికిన్రు. కానీ దానం శాసనం ఉన్నదని ఉండవల్లి విహారమైపోదు. విహారానికి ఇస్తే విహారానికి ఇచ్చినం అని రేకు మీద రాసిన్రు కదా, దాచుకోలే.

#12 అమరావతి_అనిల్

నర్సి అన్నా, నాకు సాయం చేస్తున్నావో ముంచుతున్నావో అర్థం కాలేదు 😄

సరే, స్తూపం లేదు, ఒప్పుకుంటా. కానీ నేల అంతస్తు పూర్తికాలేదు, అందులో బొమ్మలు లేవు. బొమ్మలు లేని అంతస్తు ఎవరిదో మీరెలా తేలుస్తారు? ఖాళీ హాలుకు మతం ఉండదు కదా.

#13 పాతరాళ్ళ_పంతులు

ఇది మంచి ప్రశ్న. నేల అంతస్తు ఎవరిదని ఒంటరిగా అడిగితే ఎవరూ చెప్పలేరు. పైవాటితో కలిపి చూస్తే ఒకే పథకంలో భాగంలా ఉందని మాత్రమే అనగలం. అంతకంటే ముందుకు నేను వెళ్ళను, మీరూ వెళ్ళకండి.

#14 చెన్నై_సుధ

అనంతశయనుడి గురించి ఎవరూ ఎక్కువ మాట్లాడలేదు. నాకు అదే అక్కడి ప్రాణం.

గుహ అంటే అడ్డంగా పోయే జాగా. ఎత్తు పెంచాలంటే చాలా రాయి తీయాలి. అదే 5 మీటర్ల విగ్రహాన్ని నిలబెట్టాలంటే కప్పు ఎంత పైకి పోవాలో ఆలోచించండి. పడుకోబెడితే పొడవు గోడ పొడుగునా సర్దుకుంటుంది. పడుకున్న దేవుడు గుహకు పుట్టుకతో వచ్చిన దేవుడనిపిస్తుంది నాకు. గుప్తుల ఉదయగిరిలోనూ శేషశాయి ఉన్నాడు. మహాబలిపురం మహిషమర్దిని గుహలో ఒక గోడ మీద శేషశాయి, ఎదురు గోడ మీద దుర్గ మహిషుడితో యుద్ధం. ఒకవైపు నిద్ర, ఒకవైపు పోరు. ఆ గుహలో మధ్యన నిలబడితే రెండు వైపులా తల తిప్పుతూనే ఉంటాం.

ఉండవల్లిలో ఆ యుద్ధం లేదు. చుట్టూ పరివారం ఉన్నా కన్ను ముందు స్వామి పొడవు మీదే నడుస్తుంది. తల దగ్గర మొదలుపెట్టి పాదాల దాకా నడిస్తే తప్ప మొత్తం చూసినట్టు కాదు. ఒకచోట నిలబడి ఫోటో తీద్దామంటే ఫ్రేములో పట్టడు. ఫోన్‌లో పనోరమా పెట్టి వంకర చేసిన ఫోటోలు నెట్‌లో బోలెడు, వాటిని చూసి అంచనా వేయొద్దు.

#15 ఆళ్ళగడ్డ_ఉలి

సుధ మేడమ్ చెప్పినదానికి పనివాడి వైపు నుంచి ఒక మాట. విడి విగ్రహమైతే రాయి మంచిదా కాదా కొట్టి వింటాం. కంచులా మోగితే తీసుకుంటాం, బొంగురుగా మోగితే వదిలేస్తాం. కొండలో ఉన్న రాయిని అలా ఎంచుకోలేం. లోపల పగులు ఎక్కడుందో తొలిచేదాకా తెలీదు. ముఖం దగ్గర పగులొస్తే? పడుకున్న విగ్రహంలో తల, చేయి, పాదం వేర్వేరు చోట్ల ఉంటాయి, ఎక్కడైనా పగులు రావచ్చు. అలాంటి చోట కొంచెం జరిపి చెక్కుతారు, లేదా గచ్చు పెట్టి సరిచేస్తారు. పాత గుహల్లో చాలా విగ్రహాలకు పైన గచ్చు, రంగు ఉండేవి. ఇప్పుడు మనం చూసే వట్టి రాయి వాళ్ళు చూడమన్న రూపం కాదు.

స్తంభాలు అంత లావుగా ఎందుకున్నాయని మా అబ్బాయి అడిగాడు. కట్టడంలో స్తంభం మీద దూలం, దూలం మీద కప్పు. ఇక్కడ కప్పు, స్తంభం, నేల ఒకే రాయి. బొంబాయి దగ్గర ఎలిఫెంటాలో కొన్ని స్తంభాలు విరిగినా కప్పు కూలలేదు. కానీ తొలిచినవాడికి ఆ ధైర్యం మొదట్లో ఉండదు. మనం కట్టిన ఇల్లు చూసి పెరిగిన కన్ను, నెత్తిమీద కొండ ఉందంటే లావు స్తంభమే అడుగుతుంది. మహాబలిపురంలో తర్వాతి గుహల్లో స్తంభాలు సన్నబడి, కింద కూర్చున్న సింహాలు వచ్చాయి. అది ధైర్యం పెరిగిన లెక్క.

#16 డల్లాస్_లక్ష్మి

డిసెంబర్‌లో ఇండియా వస్తున్నాం. మా నాన్నగారికి డెబ్బై ఎనిమిది, మోకాళ్ళ నొప్పులు. ఈ దారం చదివి "నన్ను తీసుకెళ్ళాల్సిందే" అంటున్నారు. పైదాకా మెట్లు కష్టమా? ఒక్కరోజులో ఇంకేం చూడవచ్చు?

#17 బెజవాడ_బాబాయ్

లక్ష్మి గారూ, బ్యారేజీ మీదుగా ఉండవల్లి సెంటర్‌కి వచ్చి అడిగితే చిన్నపిల్లాడైనా దారి చూపిస్తాడు. కారు దగ్గర దాకా వస్తుంది. కింద పచ్చిక మీద నుంచి మొత్తం ముఖం కనిపిస్తుంది, నాన్నగారికి అది ఎలాగూ దొరుకుతుంది. నేల అంతస్తు సులువు. పైకి రాతి మెట్లు ఎత్తుగా, ఇరుకుగా ఉంటాయి, ఒకరు ముందు ఒకరు వెనక పట్టుకుంటే శయనమూర్తి దాకా వెళ్ళొచ్చు. నాలుగోదానికి ఆయన్ని ఎక్కించకండి. పొద్దున్నే వెళ్ళండి, పది దాటితే రాయి కాలుతుంది, డిసెంబర్ అయినా సరే.

అదే రోజు మొగల్రాజపురం గుహలు పెట్టుకోండి. ఊరి మధ్యలో ఇళ్ళ మధ్య ఉంటాయి, చాలామంది బెజవాడ వాళ్ళకే తెలీదు. శిల్పాలు బాగా అరిగిపోయాయి, కానీ ముఖద్వారం పైన కపోతం, దాని మీద పంతులు గారు చెప్పిన కూడులు, వాటిలోంచి తొంగిచూసే తలలు ఇప్పటికీ కనిపిస్తాయి. ఉండవల్లిలో చూడని అలంకారం అక్కడ చూస్తారు. సాయంత్రం ఇంద్రకీలాద్రి, కింద అక్కన్న మాదన్న గుహలు. మూడూ ఒకే కుటుంబం.

భైరవకోన కూడా చెబుతారు ఎవరైనా, వినకండి. అది ఉమ్మడి ప్రకాశం జిల్లా సీఎస్ పురం వైపు, వేరే రోజు పెట్టుకోవాలి. ఎనిమిది గుహలు, పక్కన జలపాతం, వెళ్ళగలిగితే వదలొద్దు.

#18 మోడరేటర్

చర్చ మర్యాదగా సాగుతున్నందుకు సంతోషం. ఒక విన్నపం: గుహల గోడల మీద పేర్లు గీసిన ఫోటోలు నవ్వుతూ పెట్టకండి. రెండు పోస్టులు తీసేశాను.

#19 కృష్ణలంక_కిరణ్

సుధ గారు, పంతులు గారు, ఆళ్ళగడ్డ అన్న, అందరికీ థాంక్స్. ఇప్పటికి నాకు అర్థమైనది: బౌద్ధం మాటకు కొండలో ఆధారం లేదు, విష్ణుకుండినులన్నది బలమైన ఊహ, 4వ శతాబ్దం కష్టం. పాపకు చెప్పాల్సింది మాత్రం "వాళ్ళు కట్టలేదు, తీసేశారు" అని. ఇంకో ప్రశ్న వచ్చింది దానికి వెంటనే: "తీసిన రాయంతా ఏమైంది?"

#20 ఆళ్ళగడ్డ_ఉలి

హహ, ఈ పాపను మా దగ్గరికి పంపండి. తొలిచిన రాయి పెద్ద దిమ్మలుగా రాదు, గళ్ళ పద్ధతిలో ముక్కలుగా వస్తుంది. గుహ ముందు నేల ఎత్తు చేయడానికి, దారులు వేయడానికి, గట్లకు వాడేస్తారు. పెద్ద ముక్కలైతే ఊళ్ళో అరుగులకీ రోళ్ళకీ పోతాయి. మా దగ్గర ఇప్పటికీ విగ్రహం చెక్కగా మిగిలిన పొట్టు ఒక్క తట్ట కూడా వృథాగా పోదు.

#21 అమరావతి_అనిల్

కిరణ్ గారు నా పార్టీకి డిపాజిట్ కూడా దక్కనివ్వలేదు. నేను ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. నేల అంతస్తు కొలతలు, వెనక గోడ దగ్గర మొదలుపెట్టి వదిలేసిన గుంటలు ఎవరైనా గీసి పెడితే అప్పుడు మాట్లాడదాం. పంతులు గారూ, ఆ గుంటుపల్లి దారి చెప్పండి, నేను చూడలేదు.

#22 పాతరాళ్ళ_పంతులు

ఏలూరు నుంచి కామవరపుకోట వైపు వెళ్ళండి, అక్కడి నుంచి దగ్గర. గుండ్రటి గుహలోకి వెళ్ళగానే తల ఎత్తి కప్పు చూడండి, ముందు స్తూపం కాదు. కొలతల టేపు తీసుకెళ్ళండి. వచ్చాక ఉండవల్లి నేల అంతస్తు మనిద్దరం కలిసి కొలుద్దాం, ఆదివారం అయితే నాకు కుదురుతుంది.